నాలుగు జాడల బండి

మొన్నొక రోజు మా అల్లుడితో కలిసి కోయంబత్తూరులో కారు చక్రాలు సరిచూసే షాపుకు వెళ్ళాను. నాలుగు చక్రాలకూ నాలుగు అద్దాల్లాంటివి తగిలించారు, గోడమీది తెరపై అంకెలు వచ్చాయి, ఎర్రగా ఉన్నవి కాసేపటికి పచ్చబడ్డాయి, పని అయిపోయిందన్నారు. బండిలో కూర్చుని వచ్చినవాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు. ముప్ఫై ఏళ్ళు అదే పనిలో చేతులు నల్లబరుచుకున్నవాణ్ణి గనుక నాకు సంతోషమే కలగాలి. కాని ఆ తెరముందు కూర్చుని ఉండగా, మా అక్క ఒకప్పుడు ఒక పికప్ వెనక తొట్టిమీద అరచెయ్యి ఆనించి నావైపు చూసిన చూపు గుర్తొచ్చి, అల్లుడు రెండుసార్లు పిలిచేదాకా లేవలేకపోయాను.

మేము కోయంబత్తూరు తెలుగువాళ్ళం. ఎన్ని తరాల కిందట ఇటు వచ్చామో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు అరవం. ఈ అక్షరాలు వేసవి సెలవుల్లో మా పెదనాన్న ఇసుకలో దిద్దించినవి, కాబట్టి తప్పులుంటే నా ఈడువాళ్ళు మన్నిస్తారనుకుంటాను.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. నాన్న మిల్లులో పనిచేసేవాడు, మేము మిల్లు పక్కనే వరస ఇళ్ళలో ఉండేవాళ్ళం. మిల్లు వైపు గోడకు వీపు ఆనించి బియ్యం ఏరుతూ ఏరుతూ అక్క ఉన్నట్టుండి ఆగి, ఈరోజు లోపల ఏదో మిషను సరిగ్గా తిరగడం లేదని చెప్పేది. సాయంత్రం నాన్న షిఫ్టు దిగి వచ్చి, ఫలానాది నిలిచిపోయిందని చెబితే మేమంతా నవ్వుకునేవాళ్ళం. అక్క కూడా నవ్వేది. ఆమె ఒంటికి అట్లా కొన్ని తెలిసేవి. వాన వస్తుందని కొందరికి కీళ్ళలో తెలియదూ, అటువంటిదే అనుకున్నాం. ఆమెను కినత్తుకడవులో కొబ్బరితోట ఉన్న మా మేనత్త కొడుక్కే ఇచ్చారు.

నేను పొల్లాచ్చి రోడ్డు మీద సొంతంగా మెకానిక్ షెడ్డు పెట్టుకున్న కొత్తలో, కాయలు సంతకు తోలడానికి బావ ఒక పికప్ కొన్నాడు. సూలూరు వైపు ఒక బ్రోకరు చూపించిన పాత బండి. తెల్లరంగు కొత్తగా మెరుస్తోంది, ఇంజిను చప్పుడు శుభ్రంగా ఉంది. నేనే వెళ్ళి చూసి, కొనమన్నాను. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదాంట్లో నా పాలు అక్కణ్ణించే మొదలైంది. పదిరోజులు తిరక్కుండా బావ షెడ్డుకు వచ్చాడు. ముప్ఫై మీద పోతే ఏమీ లేదట, అరవై దాటితే తగ్గుతుందట, నలభై యాభైల మధ్య మాత్రం ఎవరో కిందనుంచి పట్టుకుని ఊపుతున్నట్టు బండి వణుకుతోందట.

చక్రాల తూకం తప్పిందనుకున్నాను. ఏ మెకానిక్కయినా ముందు అక్కడే చెయ్యి పెడతాడు. బాలెన్సింగు చేయించి, ముందువి వెనక్కీ వెనకవి ముందుకూ మార్చాను. పోలేదు. ఇంజిను కింది రబ్బర్లు మార్చాను. పోలేదు. ఇంజిను తిప్పుడును వెనక ఇరుసుకు తీసుకుపోయే పొడుగాటి షాఫ్టు విప్పి, దాని కీళ్ళలో క్రాసులు కొత్తవి వేసి, మధ్య బేరింగు కూడా మార్చి, నేనే పొల్లాచ్చి దాకా తోలి చూశాను. కాయలు నింపుకుని వెళ్ళేటప్పుడు లేదు. హమ్మయ్య అనుకుని, దించేసి ఖాళీగా తిరిగి వస్తుంటే, కినత్తుకడవు కొండ కనపడే చోట మళ్ళీ పట్టుకుంది.

సంతరోజుల్లో అక్క బావ పక్కన ముందు సీట్లో కూర్చుని పోయేది. ఒకనాడు నా షెడ్డు ముందు దిగి, చెంబుతో నీళ్ళు తాగి, చాలా మామూలుగా అన్నది:

“తమ్ముడూ, ఇది ఒగ వండి కాదురా. ముందర ఒగుడు పోతుండాడు, యెనక ఇంగొగుడు పోతుండాడు. ఇద్దరికీ పొందిక లేదు.”

వండి అంటే మా ఇళ్ళలో బండే. బావ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. తన కాళ్ళు ఒకపక్కకు పోతుంటే వీపు ఇంకోపక్కకు పోతున్నట్టుందని వివరంగా చెప్పబోయింది, కాని అప్పటికే మేమిద్దరం బానెట్టు తెరిచి తలలు లోపల పెట్టేశాం. ఆ తర్వాత ఆమె బండి ఎక్కే ముందు తలుపుమీద చెయ్యి వేసి ఒక క్షణం నిలబడేదని, ఆ క్షణం వారం వారం కొంచెం పొడుగవుతూ వచ్చిందని బావే నాకు చెప్పాడు.

ఒక మిట్టమధ్యాహ్నం తోటకు వెళ్ళాను. బండి ఆపి అప్పటికి గంట దాటింది, తాళంచెవి బావ జేబులో ఉంది. గాలి లేదు, ఒక్క మట్ట కూడా కదలడం లేదు. ఆ పూట కరెంటు కూడా లేదు గనుక ఏ బావిమీదా మోటారు తిరగడం లేదు. అక్క వెనక తొట్టి పక్కన నిలబడి, రమ్మని నన్ను చేత్తో పిలిచింది. ఆమె అరచెయ్యి రేకుమీద ఉంది. పక్కనే నా చెయ్యి కూడా పెట్టమంది.

పెట్టాను. ఎండకు రేకు కాలుతోంది. ముందు ఏమీ లేదు. తర్వాత, చాలా దూరంలో ఏదో పరుగెత్తుతున్నట్టు, సన్నగా, ఒక వణుకు వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. లారీ పోతోందేమోనని తలెత్తి రోడ్డువైపు చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది. అప్పుడే బావ ఇంట్లోనుంచి బయటికి వచ్చి, ఏమంటోంది మీ అక్క అని అడిగాడు. ఆపిన ఇంజిను వణకదని నేర్చుకున్నవాణ్ణి, మూడుసార్లు విప్పి బిగించి ఓడిపోయినవాణ్ణి, ఇప్పుడిది కూడా ఒప్పుకుంటే నా మాటకు ఇంకేం విలువ ఉంటుందనుకున్నానో, లేక వట్టి భయమో, ఈనాటికీ తేల్చుకోలేను. చెయ్యి తీసేసి, “లేదక్కా, ఏమీ లేదు” అన్నాను.

ఆమె నావైపు చూసింది, అంతే.

ఆపైన సంగతి అత్త చేతికి పోయింది. ఆపిన బండి వణుకుతోందంటుంది, దాంట్లో ఇద్దరున్నారంటుంది, మెకానిక్కయిన తమ్ముడే లేదన్నాడు, మరి దీనికేదో పట్టిందన్నది అత్త. చెడ్డమనిషి కాదు, కోడలికి జ్వరమొస్తే రాత్రంతా కాళ్ళు పట్టిన మనిషి. పొల్లాచ్చి అవతల తోటల మధ్య ఒక అమ్మవారి గుడి ఉంది, అక్కడి పూసారి, అంటే పూజారి, చెయ్యి మంచిదని నలుగురూ చెప్పారు. అమావాస్యనాడు పొద్దున్నే అక్కను ఆ పికప్‌లోనే తీసుకుపోయాం. బావ, అత్త, అక్క ముందు కూర్చున్నారు. నేను వెనక తొట్టిలో నిలబడ్డాను.

పూసారి ఆమెను ఎండలో కూర్చోబెట్టి, నువ్వెవరు, ఎక్కణ్ణించి వచ్చావు అని అరవంలో అడిగాడు. అక్క తన పేరు చెప్పింది. వేపమండతో కొట్టి మళ్ళీ అడిగాడు. మళ్ళీ తన పేరే చెప్పింది. నాన్న పేరు చెప్పింది, మేము పుట్టిన వరస ఇళ్ళ పేరు చెప్పింది. ప్రతి దెబ్బకూ అడిగినదానికి జవాబిచ్చే పిల్లలాగా ఉన్నదే చెప్పింది. మధ్యలో ఒకసారి తలతిప్పి నన్ను చూసింది. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. చివరికి మండకున్న ఆకులన్నీ రాలి పుల్లలు మిగిలినప్పుడు ఆమె తలవంచుకుని, “ఇంగ నాకేమీ తెలీలేదు సామీ” అన్నది. వదిలిపోయిందని పూసారి విభూతి పెట్టాడు. అత్త కళ్ళు తుడుచుకుంది.

తిరుగుదారిలో బండి నలభై అందుకోగానే నా పాదాల కింద ఆ వణుకు మొదలైంది. వెనక అద్దంలోనుంచి అక్క తల కనిపిస్తోంది, విభూతి మెడదాకా జారింది. ఆమె కదలలేదు.

నాలుగురోజులకు వాన పడింది. తెల్లవారి తెరిపిచ్చాక తోటకు వెళ్ళేసరికి బావ అప్పుడే బండి తీసుకుని పోయాడు. ఎర్రమట్టి దారి మెత్తగా తడిసి ఉంది. మామూలుగా బండి తిన్నగా పోతే వెనక చక్రం ముందు చక్రం జాడమీదే నడుస్తుంది, నేలమీద రెండు గీతలే మిగులుతాయి. ఇక్కడ నాలుగున్నాయి. రెండు బండ్లు పోయాయా అని తోట కాపలా ముసలాయన్ను అడిగితే, ఒకటే పోయిందన్నాడు. ఎండ వస్తోంది, కాకులు అరుస్తున్నాయి, పక్కన మనిషి ఉన్నాడు, అయినా నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ముందర ఒకడు, వెనక ఇంకొకడు. కొబ్బరి ఈనె విరిచి, మోకాళ్ళమీద కూర్చుని కొలిచాను. వెనక చక్రాలు రెండూ ఎడమపక్కకే నాలుగు వేళ్ళు జరిగి నడిచాయి.

ఆ మధ్యాహ్నమే బండిని షెడ్డుకు తెప్పించాను. తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండు తెచ్చి, బండినంతా మోసే కింది ఇనుప చట్రం, ఛాసిస్, నాలుగు మూలలనుంచీ వేలాడదీసి నేలమీద సుద్దతో గుర్తులు పెట్టి, మూల నుంచి మూలకు తాడు పట్టాను. రెండు కొలతలూ కలవలేదు. డ్రైవరు సీటు వెనకభాగంలో, అడుగున నల్లరంగు గీకితే పుట్టీ పెచ్చులుగా రాలింది. దాని కింద, ఛాసిస్ రెండు దూలాలకూ చుట్టూ వెల్డింగు చేసిన అతుకు బయటపడింది. ముందుభాగం ఒక బండిది, వెనకభాగం ఇంకొక బండిది. వంకరగా అతికారు గనుక వెనక ఇరుసు పక్కకు చూస్తోంది, షాఫ్టు వాటంగా తిరగలేకపోతోంది, వణుకంతా అదే. కుడిపక్క అతుకు అప్పటికే బీటిచ్చి గోరు దూరేంత సందు అయ్యింది. నిండు బరువుతో ఏదో ఒకరోజు రోడ్డు మధ్యలో రెండుగా విరిగి ఉండేది, ముందు సీట్లో వాళ్ళిద్దరూ ఉండేవాళ్ళు.

బావ ఒంగి ఆ సందులో గోరు పెట్టి చూసి, ఒక పాత టైరుమీద కూర్చున్నాడు. తర్వాత, “దీంట్లోనే గదా దాన్ని గుడికి తోలుకొని పోతిమి” అన్నాడు.

మర్నాడు ఇద్దరం సూలూరు వెళ్ళి బ్రోకరును నిలదీశాం. ముందు బుకాయించాడు. తర్వాత, ముందుభాగం ఘాటురోడ్డులో బోల్తాపడ్డ బండిదని ఒప్పుకున్నాడు. వెనకభాగం ఎక్కడిదో మాత్రం అడగొద్దన్నాడు. మేము లేచి వస్తుంటే గొంతు తగ్గించి, మీ ఇంట్లో ఎవరికైనా ఏమైనా తెలిసిందా అని అడిగాడు. మేము వెనక్కి తిరక్కుండా బయటికి వచ్చేశాం. అది మరొకరి పాలబడకూడదని బండిని గ్యాసుతో ముక్కలుగా కోయించి పాతయినుముకు వేశాం.

వణుకు దేనివల్లనో ఆ అతుకు చెప్పింది. ఇంజిను ఆపి గంట దాటిన బండి, గాలిలేని మధ్యాహ్నం, ఎందుకు వణికిందో చెప్పలేదు. ఇనుము ఎండకు సాగిందేమో, నా నెత్తురే వేళ్ళలో కొట్టుకుందేమో అని ఇన్నేళ్ళూ చెప్పుకుంటూ వచ్చాను. ఏదీ అతకలేదు.

ఆ వారమే అక్కతో చెప్పాను. వాకిట్లో కొబ్బరిచిప్పలు ఎండబోస్తోంది. ఆరోజు నాకూ తెలిసిందనీ, లేదని అబద్ధం చెప్పాననీ, గుడిలో కూడా నోరు విప్పలేదనీ నిలబడే చెప్పేశాను. ఆమె చేతిలో ఉన్న చిప్పను తిరగేసి పెట్టింది.

“తెలుసురా. నీ సెయ్యి నా సెయ్యి పక్కనే గదా ఉండె. ఎట్ల యెనక్కి లాక్కొంటివో సూస్తిని.”

కోపం లేదు. తిన్నావా అని అడిగి, లోపలికి పోయి అన్నం పెట్టింది.

ఇప్పుడు పొల్లాచ్చి రోడ్డును గుర్తుపట్టలేం. వెడల్పు చేశారు, చింతచెట్లు పోయాయి, బండ్లు నూనె మీద జారినట్టు పోతున్నాయి. మా ఇళ్ళలో పిల్లలు తెలుగులో అడిగితే అరవంలో జవాబు చెబుతున్నారు. వీటన్నిటికీ మనవాళ్ళందరూ బాధపడుతుంటారు, నేనూ పడతాను. కాని నా మట్టుకు నేను పోగొట్టుకున్నది వేరే ఉంది. ఆ అమావాస్య తర్వాత అక్క తన ఒంటికి తెలిసింది ఏదీ ఎవరికీ చెప్పలేదు. వాన వస్తుందని కూడా చెప్పలేదు. తెలియడం మానేసిందో, చెప్పడం మానేసిందో అడిగే ముఖం నాకు లేదు. ఆమెకు డెబ్భై దాటాయి. ఊరికి పోయేటప్పుడు ముందు సీట్లో కూర్చోబెట్టి, వండి ఎట్లుండాది అక్కా అని ప్రతిసారీ అడుగుతాను. బాగానే ఉండాదిరా అంటుంది. దారి పొడుగునా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తలుపుకుగాని సీటుకుగాని ఎక్కడా ఆనించకుండా కూర్చుంటుంది.