మావయ్య రేకుపెట్టె

ఎన్నికల ముందు లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్లో అప్పగించాలంటూ మొన్న పేపర్లో వచ్చిన నాలుగు లైన్ల వార్త చూడగానే, మా మేనమామ తన ఒంటిగొట్టం తుపాకీని ఎస్సై గారి చేతికిచ్చి, రశీదు మడిచి జేబులో పెట్టుకున్న మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఎన్నికలేం లేవప్పుడు. నేను రాసిన వార్త వల్ల పోయిందది.

తొంభైల చివరి మాట. మావయ్య మిలటరీ నుంచి వచ్చాక, అత్తయ్య పోయాక, ఊళ్ళో ఇంటికి తాళం వేసి ఏటి మధ్య లంకలో కంద చేను పక్కన పాక వేసుకున్నాడు. పొద్దు వాలితే అడవిపందులు దిగేవి. గాల్లోకి ఒక్క తూటా పేలిస్తే వారం దాకా ఇటు తొంగిచూసేవి కావు. ఆ తూటాల కోసం కాకినాడ వెళ్తే కొట్టువాళ్ళు సరుకు లేదని పంపేసేవారు. దాంతో పేల్చేసిన ఖాళీ తూటాలనే మళ్ళీ నింపుకోవాలని పట్టుబట్టాడు.

అందుకు కావలసినవి ఒక్కొక్కటీ కూర్చుతుంటే నాకూ సరదాగా ఉండేది. మండపేటలో మూసేసిన టైపు ఇన్‌స్టిట్యూట్ నుంచి టైపు మిషను రేకుపెట్టె తెచ్చాను. కంసాలి గారి పాత చిన్న త్రాసు తెచ్చాను. తూటా మూతి మడిచే పరికరాన్ని రైసుమిల్లు లేత్ మీద మేస్త్రీ గారు తిప్పి ఇచ్చారు. మావయ్య తన మిలటరీ కంబళి కోసి, తూటాలో పెట్టే గుండ్రటి బిళ్ళలు కొట్టి, ప్రతిదానికీ పెట్టెలో ఒక అర చేశాడు. పడవ దాటేటప్పుడు ఒంటిచేత్తో పట్టుకుపోవాలని ఆయన పట్టుదల. వారానికో మనిషి కనబడితే గొప్పయిన ఆ లంకలో, దాన్ని తెరిచి నూనె గుడ్డతో తుడిచి మూసుకోవడమే ఆయనకు కాలక్షేపం. తూటాలు నింపడానికి వేరే అనుమతి కావాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

అప్పుడు నేను ఓ దినపత్రికకు మండపేట విలేకరిని. ఆదివారం పేజీకి ఏదైనా కాస్త వింతగా ఉన్నది పంపమని డెస్కు నుంచి ఫోనొస్తే, మావయ్య పెట్టె గురించి పంపాను. నా పేరు లేకుండానే వేశారు. మూడో రోజున పోలీసులు పడవ దిగారు. ఎస్సై గారు మర్యాదగానే మాట్లాడి తుపాకీ, మందు, తూటాలు తీసుకుని, పెట్టె, త్రాసు వదిలేశారు. కేసు పెట్టలేదు గానీ తుపాకీ తిరిగి రాలేదు. ఆ ఏడు కంద సగానికి పైగా పందుల పాలైంది. సాయంత్రం వెళ్తే, మావయ్య గట్టు మీద ఒక్కడూ కూర్చుని కిరసనాయిలు డబ్బా మీద కర్రతో కొడుతూ కనిపించేవాడు.

ఒకరోజు ఆ పేపరు ముక్క చేతిలో పెట్టుకుని, నా వైపు చూడకుండా అన్నాడు.

“ఎవరు రాశారో గానీ అబ్బాయ్, చెక్కపెట్టి అన్నారు. అది రేకుపెట్టి కదా.”

“అవును మావయ్యా,” అన్నాను.

ఆ పేపరుకు మండపేటలో నేను తప్ప ఇంకో విలేకరి లేడని ఆయనకు తెలుసు. నేను రేకు అనే రాసి పంపాను, డెస్కులో చెక్క చేశారు. ఆ సంగతి చెప్పాలంటే రాసింది నేనేనని ముందు ఒప్పుకోవాలి. టీ పెట్టమంటావా అని అడిగాడు. తాగి పడవెక్కాను. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా ఆ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు లంకకు వంతెన ఉంది, చేల చుట్టూ సోలార్ కంచెలున్నాయి, డబ్బా కొట్టే మనిషి ఎక్కడా కనబడడు. మావయ్య పోయి చాలా ఏళ్ళయింది. పెట్టె నా దగ్గరే ఉంది, త్రాసు కింద రశీదు అలాగే ఉంది. పోయిన నెల స్టేషనుకు తీసుకెళ్ళి చూపిస్తే, ఆ నంబరు తుపాకీ ఏమైందో ఏ రిజిస్టరులోనూ దొరకలేదన్నారు.