చుక్క పడని సున్నాలు

అరబ్బీ అంకెల్లో సున్నా అంటే ఒక చుక్క. గుండ్రంగా, మన సున్నాలా కనిపించేది అయిదు. ఈ సంగతి తెలియక, కువైట్‌లో దిగిన కొత్తలో నేను యాభై అయిదో నంబరు ఇంటి ముందు నిలబడి, గోడ మీద రెండు సున్నాలు చూసి, ఇంకా నంబరు పడని ఇల్లు కాబోలనుకుని ఆ వీధిని పదకొండు సార్లు చుట్టాను. పన్నెండో చుట్టుకి నా చెప్పులు కరిగి తారు రోడ్డులో కలిసిపోయాయి. మా గదిలో వాళ్ళు ఇది నమ్మలేదు గానీ, నేను వట్టి కాళ్ళతో తిరిగొచ్చిన మాట మాత్రం నిజం.

నా ఉద్యోగం నీళ్ళ పరీక్షలు చేసే ఒక చిన్న ప్రైవేటు ఆఫీసులో. బావుల నీళ్ళలో ఏమేం కలిసి ఉన్నాయో ఆ అంకెలు కంప్యూటర్‌కి తినిపిస్తే, దానికి తగిలించిన ప్లాటర్ అనే యంత్రం సిరాపెన్ను పట్టుకుని కాగితం మీద గ్రాఫు గీసేది. ఆ ప్లాటర్ మీద పెళ్ళికొచ్చిన వంటవాళ్ళు నలుగురు కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. దానిచేత గీతలు గీయించే ప్రోగ్రాముల మూటని ప్లాటింగ్ లైబ్రరీ అంటారు. నేను ఉత్తరంలో "లైబ్రరీ పని" అని రాసిన పాపానికి మా నాన్న రాయచోటి అంతటా నన్ను గ్రంథాలయాధికారిని చేసి కూర్చోబెట్టాడు.

ఆ లైబ్రరీకి ఇంగ్లీషు అంకెలు తప్ప మరొకటి రాదు. మా ముదీర్, అంటే ఆఫీసు పెద్ద, గ్రాఫు పక్కన నిలువు గీత వెంబడి అరబ్బీ అంకెలే ఉండాలన్నాడు. ఒకటి నుంచి తొమ్మిది దాకా ప్రతి అంకెనీ నేనే, ఏ గీత ఎటు వంగాలో లెక్క కట్టి, యంత్రానికి నేర్పాను. సున్నా దగ్గరికొచ్చేసరికి బద్ధకం ముంచుకొచ్చింది. చుక్కే కదా, పెన్ను దించు, పెన్ను ఎత్తు అని రెండు ముక్కలు రాసి టీకి వెళ్ళాను. సిరాపెన్ను కదిలితేనే రాస్తుంది. ఊరికే దించి ఎత్తితే నాలుగుసార్లలో మూడుసార్లు మొండికేస్తుంది. వేసవిలోనైతే సిరా పెన్నులోనే పాకం పట్టి, నాలుగోసారి కూడా మానేసేది. చుక్కని కాస్త తిప్పి గీయమని పది వరుసలు రాస్తే సరిపోయేది. నేను అది రాయకుండా, గీసిన ప్రతి కాగితం మీదా చేత్తో సున్నాలు పెడుతూ రెండేళ్ళు గడిపాను. గల్ఫ్ మొత్తంలో చుక్కలు పెట్టడానికి జీతం తీసుకున్న మనిషిని నేనొక్కడినే అయి ఉంటాను.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టు ఒకటో తేదీ, బుధవారం సాయంత్రం, సల్వా అనే పేటలోని రెండు బావులకు రెండు గ్రాఫులు గీయించాను. రెంటిలోనూ కొలిచింది నైట్రేట్. ఎరువుల్లోంచీ మురుగులోంచీ భూమిలోకి దిగే ఒక ఉప్పు అది. రుచి ఉండదు, వాసన ఉండదు, కాచినా పోదు. పెద్దవాళ్ళు తట్టుకుంటారు. అది ఎక్కువగా ఉన్న నీళ్ళు పాలపొడిలో కలిపి పడితే మాత్రం చంటిబిడ్డ పెదాలు నీలంగా మారతాయి, ఊపిరి ఆడదు. లీటరులో యాభై మిల్లీగ్రాముల లోపు ఉంటే ఫరవాలేదు. దాటితే గ్రాఫు మీదే పెద్ద అక్షరాలతో హెచ్చరిక రాయమని ప్రోగ్రాములో పెట్టాను. ఎక్కడ రాయాలో చెప్పే అంకె తప్పు పడింది. పెన్ను కాగితం అంచు దాటి వెళ్ళి, నా హెచ్చరికని బుద్ధిగా యంత్రం బల్ల మీద రాసింది. ఏ బావికి రాసిందో చూడకుండానే నేను గుడ్డతో తుడిచేశాను. గురు, శుక్రవారాలు సెలవు కాబట్టి శనివారం సరిచేద్దాంలే, సున్నాలు శుక్రవారం గదిలో పెడదాంలే అనుకుని, రెండు కాగితాలూ చుట్టి చంకన పెట్టుకుని మేముండే మంగఫ్‌కి బస్సెక్కాను. మూలల్లో పెన్సిల్‌తో తెలుగులో రాసుకున్నాను: ఒకదాని మీద "గోడ పక్క", రెండోదాని మీద "ఖర్జూరాలు".

మర్నాడు తెల్లవారేసరికి ఇరాక్ సైన్యం వచ్చేసింది.

ఆఫీసుకి మళ్ళీ వెళ్ళింది పది రోజుల తర్వాత. కంప్యూటర్ లేదు, ప్లాటర్ లేదు, గోడకున్న స్విచ్చులు కూడా లేవు. ముదీర్ కుర్చీ ఒక్కటి మిగిలింది, దానికీ మూడే కాళ్ళు. మంగఫ్‌లో మా భవనం సగం ఖాళీ అయింది. తొమ్మిదిమంది పడుకునే మా గదిలో నలుగురం మిగిలాం. ఎప్పుడూ తిట్టుకునే గురకలు లేక నిద్ర పట్టేది కాదు.

ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం మా కింది అంతస్తులో ఉండే డ్రైవర్ పైకొచ్చాడు. మా రాయచోటి సాయిబు, నాకంటే పదేళ్ళు పెద్ద.

"ఏం సున్నాల సారూ, నీళ్ళ సంగతి నీకు తెలుసు గదా? సల్వాలో మీ అక్క పిలస్తాండాది."

అక్క అంటే మా పక్క పల్లె మనిషి. సల్వాలో ఒక కువైటీ ఇంట్లో పని. తోడబుట్టింది కాకపోయినా ప్రతి రంజాన్‌కీ డబ్బా నిండా తినుబండారాలు పంపేది, నేను వాటిని గదిలో ఎవరికీ కనబడకుండా తినేవాణ్ణి.

"ఏమైంది భాయ్?"

"వాళ్ళ ఇంటామెకు, ఆ మామాకు, కానుపై నెలన్నర. భయానికి పాలు ఎండిపొయినాయంట. పాలడబ్బాలుండాయి, నీళ్ళ ట్యాంకరు రాడంల్యా. నాలుగు దినాల్నుంచి పక్కింటి బావి నీళ్ళు కాంచి తాపుతాండారు. బిడ్డ వాలకం బాలేదంట. ఆ వీధి బావులు మీ ఆఫీసోళ్ళే కొలిచినారని ఆమెకు ఎట్లనో గుర్తుండాది."

నా మంచం కింద నుంచి రెండు కాగితాలూ లాగి పరిచాను. పక్కింటిది "గోడ పక్క" బావి, పెద్ద రోడ్డుకి అవతలిది "ఖర్జూరాలు". రెంటి మీదా నిలువు గీత పక్కన ఒకే అంకెలు: ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. కొలత ఎంత పెద్దదైతే నిలువు గీత మీది అంకెల్ని అంత పెంచుకోవడం ఆ లైబ్రరీకి అలవాటు, గీత పొడవు మాత్రం మారదు. హెచ్చరిక ఒక్కసారే పడింది కాబట్టి ఒక బావికి గీత యాభైతో ఆగి ఉండాలి, రెండోదానికి అయిదు వందలతో. సున్నాలు లేవు కాబట్టి రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. ఒకటి బిడ్డకి పట్టొచ్చు, ఒకటి బిడ్డని చంపుతుంది.

"ఏదబ్బా మంచిది?" అన్నాడు భాయ్.

"తెలీదు."

"రెండేండ్లు సున్నాలు బెట్టి, పెట్టాల్సిననాడు పెట్టకపోతివా!"

భాయ్ కఫీల్‌ది, అంటే యజమానిది, ఒక పికప్ ఉంది; దాన్లో సల్వా బయల్దేరాం. దారిలో రెండు చోట్ల సైనికులు ఆపారు. రెండోచోట ఒక సైనికుడు నా కాగితాలు విప్పి, ఆ గీతల్ని కోటల నక్షాల్ని చూసినట్టు చూశాడు. "మై, మై" అని నీళ్ళు తాగుతున్నట్టు అభినయించాను. జాలిపడి తన సీసాలోంచి ఒక గుక్క పోసి పంపించాడు.

అక్క వెనక తలుపు తీసింది. వంటింట్లోకి తీసుకెళ్ళి బిడ్డని చూపించింది. ఆడపిల్ల. ఏడవడం లేదు, అది చూసే భయమేసింది. పెదాల చుట్టూ నేరేడుపండు తిన్నట్టు రంగు. ఆ ఇంటామె, అక్క మామా అని పిలిచే ఆవిడ, గుమ్మంలో గోడకి ఆనుకుని నిలబడింది. భర్త కోసం సైనికులు వెతుకుతున్నారు, అందుకని ఆమె ఇల్లు కదలదు. నా చేతిలోని కాగితాల వైపే చూస్తోంది.

"జెప్పు నాయినా, ఏ బాయి నీళ్ళు తాపల్ల?" అంది అక్క.

"ఉండక్కా. యంత్రం పోయింది, నేనే గుర్తుచేసుకోవాలి."

వంటబల్ల మీద కాగితాలు పరిచి ముక్కు ఆనేలా వంగాను. అప్పుడు కనిపించింది. అంకెల వరుస కుడి అంచు ఎప్పుడూ గీతకి ఆనుకునే ఉండాలి. లైబ్రరీ అలాగే రాస్తుంది. పడని సున్నాకి కూడా అది చోటు వదులుతుంది. "ఖర్జూరాలు" కాగితంలో అంకెకీ గీతకీ మధ్య ఒక అంకె పట్టే ఖాళీ ఉంది. "గోడ పక్క" కాగితంలో రెండు పట్టే ఖాళీ.

సంతోషించబోయి ఆగిపోయాను. అంకెలు గీతకి మరీ అతుక్కుంటున్నాయని ముదీర్ విసుక్కుంటే, ఆ వారమే వాటిని ఒక అంకె మేర ఎడమకి జరపబోయి పొరపాటున కుడికి జరిపాను, ఆ తర్వాత ఎడమకి జరిపాను. బుధవారం ఆ రెండు జరుపుళ్ళూ తీసేశానా? లేక ఒక కాగితానికి కుడిదీ, రెండోదానికి ఎడమదీ ఉండిపోయాయా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. బుధవారం తాగిన టీలు తొమ్మిదీ గుర్తున్నాయి, ఇది లేదు.

"ఏంది, మళ్ళా తెలీదంటావా?" అన్నాడు గుమ్మంలోంచి భాయ్.

"సిరా పడలేదు గానీ పెన్ను దిగింది భాయ్. దిగితే గుచ్చుకోవాలి."

అక్క చేతులు కడుక్కుని, పైటకి తుడుచుకుని, కాగితం తిరగేసింది. ఇరవై ఏళ్ళు బియ్యంలో రాళ్ళేరిన వేళ్ళు. కళ్ళు మూసుకుని గీత వెంబడి గోరు నడిపింది.

"ఈడొక మిట్ట."

"ఇంకొకటి చూడక్కా, దాని పక్కనే."

"లేదబ్బా. ఒకటే."

అది ఖర్జూరాల కాగితం. రెండోది తిరగేసింది. గోరు ఆగింది. కొంచెం జరిగి మళ్ళీ ఆగింది. కింద అంకె దగ్గరా అంతే. పై అంకె దగ్గరా అంతే.

"రెండు," అంది. కళ్ళు తెరవలేదు. "నాలుగు దినాలు నేనే తాపినాను."

నేను గ్రాఫులో గీత ఎంత ఎత్తుకి పోయిందో చూశాను. మూడు దాటి ఉంది. మూడు వందలు. పొయ్యి మీద కాగుతున్న గిన్నెని భాయ్ తీసుకెళ్ళి పెరట్లో పారబోశాడు. మామాకి ఎవరూ తర్జుమా చేయలేదు. ఆమె వచ్చి బిడ్డని ఎత్తుకుంది.

ఖర్జూరాల బావి పెద్ద రోడ్డుకి అవతల, సైనికుల కాపలా దాటి, మైలున్నర దూరం. ఆ రోజు పికప్‌లో రెండు డబ్బాలు తెచ్చాం. వాటిని దించి బయల్దేరగానే మొదటి కాపలా దగ్గర పికప్ తీసుకున్నారు. భాయ్ తాళంచెవి ఇచ్చేశాడు. మంగఫ్‌కి నడిచే వచ్చాం. మర్నాటి నుంచి అక్క తల మీద ఒకటి, చంకన ఒకటి పెట్టుకుని పొద్దునా సాయంత్రం నడిచింది. ఇండియా పనిమనిషిని సైనికులు పోనిచ్చేవాళ్ళు. కువైటీ ఆడమనిషినైతే ఆపి, ఇల్లెక్కడ, మొగుడెక్కడ అని అడిగేవాళ్ళు.

అయిదో రోజు భాయ్ నడిచి వెళ్ళి కబురు తెచ్చాడు. బిడ్డ ఏడుస్తోందట. వీధి చివరిదాకా వినపడేట్టు ఏడుస్తోందట.

తర్వాత వారం ఇండియా చేరడానికి జోర్డాన్ వైపు పోయే బస్సులో మావాళ్ళు పేర్లు రాసుకుంటుంటే నాదీ, భాయ్‌దీ, అక్కదీ రాయించాను. అక్కకి చెప్పడానికి నేనే వెళ్ళాను. కాపలా దాటి వస్తూ రోడ్డు మీదే ఎదురైంది. డబ్బా దించకుండానే విన్నది.

"ఎప్పుడు నాయినా?"

"ఎల్లుండి పొద్దున ఏడింటికి. నీ సీటు నా పక్కనే."

"నేనొస్తే ఈ నీళ్ళెవరు మోస్తారు?"

"ఎవరో ఒకరు..."

"ఎవరు?"

గోడ పక్క బావే మంచిదని తేలి ఉంటే, మామా గోడ మీద నుంచి తోడుకునేది, అక్క బస్సెక్కేది. ఆ క్షణంలో, చెప్పడానికి సిగ్గుగానే ఉంది, నా లెక్క తప్పయి ఉంటే బాగుండుననుకున్నాను.

"మా పిల్లోల్లకు జెప్పు, బాగుండానని," అంది. "నీళ్ళు మోస్తాండానని జెప్పొద్దు." మెడ కదలకుండా నన్ను దాటుకుని వెళ్ళిపోయింది.

బస్సు పది గంటలకి గానీ కదల్లేదు. యాభైమంది పట్టే బస్సులో రెండు వందలమందిమి, మూటలు ఆరు వందలు. నా పక్క సీటు మీద నా సంచి పెట్టి, దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ప్రెషర్ కుక్కర్ ఒళ్ళో పెట్టుకున్న ఒక మలయాళీ పెద్దాయన వచ్చి, హిందీలో అది ఖాళీయేనా అని అడిగాడు.

"లేదు, మనిషి వస్తుంది," అన్నాను.

ఆయన నడవలోనే నిలబడ్డాడు. బస్సు మంగఫ్ దాటింది. భాయ్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఊరు దాటాక నేను సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.