చందూరు పిన్నికి ఉద్యోగం

డిగ్రీ పాసైన కొత్తలో మనిషికి లోకం మీద ఎంత జాలి ఉంటుందో, ఆ జాలి వల్ల లోకానికి ఎంత ఇబ్బందో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ వయసులో నేను నిజామాబాద్ కంఠేశ్వర్‌లో, ఒక మందుల దుకాణం పైన రెండు గదుల్లో నడిచే కంపెనీలో చేరాను. చుట్టుపక్కల పల్లెల పిల్లలకు ఆసుపత్రుల్లో, షాపుల్లో, గోదాముల్లో ఉద్యోగాలు చూపించడం మా పని. మా సారు హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం వదులుకుని వచ్చి దాన్ని పెట్టారు. ఆయన నోట ప్రతి మూడో మాట 'మిషన్'. "ఇది వ్యాపారం కాదమ్మా, మిషన్" అనేవారు. బయట బోర్డు మీద కూడా కంపెనీ పేరు కంటే పెద్ద అక్షరాలతో 'ఉపాధే మా మిషన్' అని రాయించారు. మా అమ్మకు మాత్రం మిషన్ అంటే కుట్టుమిషనే. "మా బిడ్డకు మిషన్ల కంపెనీల నౌకరి దొరికింది" అని గల్లీ అంతా చెప్పొచ్చింది. (మర్నాడే పక్కింటి అక్క రెండు జాకెట్ గుడ్డలు నా చేతిలో పెట్టింది. వద్దనలేక ఆఫీసుకు మోసుకుపోయాను.)

చేరిన నెలలోపు కనీసం ఒక్కరికైనా నా అంతట నేను ఉద్యోగం ఇప్పించాలని సారు చెప్పారు. రోజంతా ఫోన్లు చేసేదాన్ని. పిల్లలు మర్యాదగా "ఆలోచించి చెప్త అక్కా" అని, ఆ తర్వాత ఫోను ఎత్తేవారు కాదు. నెల చివరికొచ్చింది. నన్ను పంపించేస్తారేమోనని బెంగ పట్టుకుంది. అలాంటి ఒక మధ్యాహ్నం, నేత చీర కట్టుకున్న ఒక పెద్దావిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, నా ఎదురుగా కుర్చీలో కూలబడింది.

"ఇక్కడ మిషన్ ఉన్నదంట కదమ్మా?"

"అవునండీ, అదే మా మిషన్!" అన్నాను పొంగిపోయి.

"నాకు తొందరగా కావాల."

"తొందరగానే చూద్దామండీ. ఇంతకుముందు ఎక్కడైనా చేశారా?"

"వర్ణిలో ఒకడికిచ్చేదాన్ని. చేతులన్నీ పాడు చేసి పెట్టిండు."

నా కళ్ళు చెమర్చాయి. ఈ వయసు మనిషి చేత చేతులు పాడయ్యేంత చాకిరీ చేయించిన ఆ దుర్మార్గుడెవడా అనుకున్నాను. "ఇప్పుడు చేతులు ఎలా ఉన్నాయండీ?" అన్నాను మెల్లగా.

"మోచేతి దాకా ఉంటే చాలు. మరీ బిగుతు వద్దు" అంటూ సంచిలోంచి జాకెట్ గుడ్డ తీసి బల్ల మీద పరిచింది.

నేను కళ్ళు తుడుచుకున్నాను. ఇది కుట్టుపని చోటు కాదని, ఉద్యోగాలు చూపించే చోటని చెప్పాను. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గుడ్డ మడతపెట్టి, ఒడిలో పెట్టుకుని, గోడ మీది పోస్టర్లన్నీ ఒకసారి చూసింది. "అయితే నాకొకటి చూడు" అంది.

"మీకా అవ్వా?"

"అవ్వ ఏంది? నీ అంత మనవరాలు లేదు నాకు. పిన్నీ అను."

ఆ పూట నుంచి ఆవిడ మా ఆఫీసందరికీ చందూరు పిన్ని అయింది. వాళ్ళది బోధన్ వైపు చందూరు. పెద్దలు కోస్తా నుంచి వచ్చి అక్కడ కాలువ కింద భూములు కొనుక్కున్నవాళ్ళు. ఇంట్లో ఒక తెలుగు, బయట ఇంకో తెలుగు మాట్లాడీ మాట్లాడీ ఆవిడ నోట్లో రెండూ కలిసిపోయాయి. చెరుకు వేసినన్నాళ్ళూ కూలీలకు వండి పంపింది, పాడి చూసుకుంది. తర్వాత కొడుకు పొలం కౌలుకిచ్చాడు, గేదెల్ని అమ్మేశాడు. కోడలు బంగారం, అత్తగారిని గరిటె కూడా ముట్టుకోనివ్వదు. "పూజ చేసుకోండి అత్తయ్యా అంటది. దేవుడు మాత్రం నా మొహం ఎంతసేపని చూస్తడమ్మా?" అంది పిన్ని.

సారు ఏదో ఒకటి చెప్పి పంపించేస్తారని ఆశపడి లోపలికెళ్ళి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, "చూశావా, మిషన్ అంటే ఇదీ!" అన్నారు. (అనడం ఆయన వంతు, వెతకడం నా వంతు.)

ఊళ్ళో ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టల్ ఒకటుంది. అక్కడ వంటింటి అజమాయిషీకి మనిషి కావాలన్నారు. వయసులో ఉన్న మనిషైతే మంచిదని హాస్టల్ మేడమ్ ముందే చెప్పింది. అయినా పిన్నిని ఆటో ఎక్కించి తీసుకుపోయాను. దారిపొడవునా "అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాలి పిన్నీ" అని పాఠం చెప్పాను. ఆవిడ బుద్ధిగా తలూపింది. తీరా లోపలికెళ్ళాక మేడమ్ కుర్చీని దాటుకుని నేరుగా వంటింట్లోకి నడిచి, గిన్నె మీద మూత తీసింది.

"ఈ పప్పు ఎవరికి? జొరమొచ్చినోళ్ళకా?"

మేడమ్ ముఖం ఎర్రబడింది. "గీమె నౌకరికొచ్చిందా, తనిఖీకొచ్చిందా?" అని నన్ను నిలదీసింది. నేను నేల చూపులు చూస్తున్నాను. పిన్ని మాత్రం కొంగు బిగించి, వెల్లుల్లి దంచి, ఎండుమిర్చి వేసి తాలింపు పెట్టేసింది. ఆ ఘాటుకు మేడమ్‌తో సహా అందరం తుమ్మాం. ఆ పూట పిల్లలు రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. "రేపటి సంది రమ్మను" అంది మేడమ్, నా వైపు చూడకుండానే. హాస్టల్లోనే గది ఇచ్చారు. కొడుక్కి చెప్పానని పిన్ని నాతో అంది. నేను నమ్మాను.

వారం తిరగకముందే తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. "చుట్టాలింట్లో ఉంటానని చెప్పి వచ్చింది మా అమ్మ. మీరేమో వంటపనికి పెడతారా? ఊళ్ళో నేను తలెట్లా ఎత్తుకోవాలి?" అని అరిచాడు. సారు పాపం మిషన్ గురించి మొదలుపెట్టబోయారు. "మీ మిషన్‌తో నాకేం పని సార్! ఈ అమ్మాయే పెట్టింది, ఈ అమ్మాయే వచ్చి మా అమ్మను నాకు అప్పగించాలి" అన్నాడు. ఆయన కారులో వెనక సీట్లో, స్కూల్లో దొరికిపోయిన పిల్లలా కూర్చుని వెళ్ళాను.

మేం వెళ్ళేసరికి భోజనాల వేళ. పిన్ని వడ్డిస్తోంది. కొడుకును చూసి కంగారుపడలేదు. "ముందు తిను. తర్వాత తిడుదువుగాని" అంది. అంతమంది ఆడపిల్లల ముందు గొడవ పడలేక ఆయన బల్ల చివర ఒదిగి కూర్చున్నాడు. "పిన్నీ, గా అన్నకు ఇంకింత మామిడి తొక్కు ఎయ్యి" అంది ఒక పిల్ల. ఇంకో పిల్ల ఏదో అంటే పిన్ని పకపకా నవ్వింది. ఆయన ముద్ద చేతిలో పెట్టుకుని తల్లినే చూస్తూ ఉండిపోయాడు. చేతులు కడుక్కునేచోట నాతో మెల్లగా, "ఇంట్లో ఇట్లా నవ్వడం చూసి చాలా కాలమైందమ్మా" అన్నాడు. అప్పటిదాకా ఆయనంటే ఉన్న భయం పోయి, ఉన్నట్టుండి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"గేదెల్ని కొంటే వస్తావా అమ్మా?" అని అడిగాడు బయల్దేరేముందు.

"కొన్నాక అడుగు" అంది పిన్ని.

వానలు పడ్డాక ఆయన నిజంగానే రెండు గేదెల్ని కొన్నాడు. పిన్ని మూట కట్టుకుంది. హాస్టల్ పిల్లలు కళ్ళు తుడుచుకున్నారు. మేడమ్ అయితే మంచి మనిషిని ఇచ్చి లాక్కుపోయానని నన్నే తిట్టింది. నేను బస్టాండు దాకా వెళ్ళి బోధన్ బస్సులో కిటికీ పక్క సీటు పట్టిచ్చాను. బస్సు కదలబోతుంటే పిన్ని తల బయటికి పెట్టి, "అందరికీ పని చూస్తావు గదా, నీకీ పని ఇష్టమేనా?" అని అడిగింది.

"ఇష్టమే పిన్నీ" అన్నాను ఠక్కున. ఆవిడ నమ్మలేదని ఆ చూపులోనే తెలిసింది. నిజానికి ఆ వారమే బ్యాంకు పరీక్షకు దరఖాస్తు పెట్టుకుని ఉన్నాను. ఆ పరీక్ష పోయింది. తర్వాతి దానికి మా దగ్గరికొచ్చిన ఒక పిల్లాడి ఇంటర్వ్యూ అడ్డొచ్చింది. ఆ తర్వాతి దాని సంగతి గడువు దాటాక గానీ గుర్తే రాలేదు. ఏళ్ళు గడిచాయి, నేను ఈ కంపెనీలోనే ఉన్నాను. మనసంతా బ్యాంకు కౌంటర్ దగ్గర పెట్టుకుని, బస్సు పక్కన నిలబడి చెయ్యి ఊపుతున్న ఆ పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. దగ్గరికి పిలిచి చెప్పాలనిపిస్తుంది. అబద్ధమాడానని అంతగా ముఖం దాచుకోకే పిచ్చిదానా, నిజాన్నే కాస్త ముందుగా చెప్పేశావంతే అని.