గంటల మీటరు చదవడం నేర్పిన బాబాయి

బాబాయి పోయారు. ఆ కబురు నాకు ఉత్తరంలో తెలిసింది. మొన్న సోమవారం క్యాంపుకు వచ్చిన టపాలో నా పేరున ఒక కవరుంది. ఊళ్ళో ఇంటి దగ్గరే గుండెల్లో నొప్పి వచ్చిందనీ, ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందనీ ఆయన పెద్దమ్మాయి నాలుగు ముక్కలు రాసింది. ఉత్తరం నాకు అందేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. ఏడవాలో, ఎవరితోనైనా చెప్పుకోవాలో తెలియలేదు. కవరు జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళిపోయాను.

ఆయన నాకు చుట్టం కారు. తెనాలి పక్క పల్లెటూరి మనిషి. ఇక్కడ గల్ఫులో, మెసైమీర్ అనే చోట మా క్యాంపు షెడ్డులో ట్రాక్టర్ల మెకానిక్‌గా చేసేవారు. రోడ్ల పక్క మొక్కలకు నీళ్ళు పోయించే కాంట్రాక్టు మా కంపెనీది. మూడు ట్రాక్టర్లు, ఒక్కోదాని వెనక ఒక నీళ్ళ ట్యాంకు. నేను టైమ్‌కీపర్ని. డ్రైవర్ల డ్యూటీ గంటలూ, ట్రాక్టర్ల మీటర్లు చూపించే అంకెలూ రిజిస్టరులో ఎక్కించడం నా పని. గల్ఫు యుద్ధం ముగిసిన రెండేళ్ళకు నేనిక్కడికి వచ్చాను. ట్రాక్టరుకు కిలోమీటర్లు కాకుండా గంటలు లెక్కిస్తారని నాకు చెప్పింది బాబాయే. అది నిలబడి కూడా పని చేస్తుంది కదా, మరి ఎంత దూరం పోయిందని అడిగితే ఏం లాభం అనేవారు.

ఇంజనులో తేడా వస్తే పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవారు. ఆ సమయంలో ఎవరు పలకరించినా జవాబుండేది కాదు. ఆయిలు మార్చినప్పుడల్లా, మళ్ళీ మీటరు మీద ఏ అంకె వచ్చినప్పుడు మార్చాలో మడ్‌గార్డు మీద తెల్ల పెయింటుతో రాసేవారు. అక్షరాలు మాత్రం కోడి గీకినట్టుండేవి. నేను నవ్వితే, ఇంజనుకు చదువు రాదులేరా అనేవారు.

మా ట్రాక్టర్లలో రెండు కొత్తవి, ఒకటి పాతది. పాతదాన్ని కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒకతను నడిపేవాడు. నెమ్మదస్తుడు. బాబాయిని కాకా అని పిలిచేవాడు. బాబాయి రెండు నెలల సెలవు మీద ఇండియా వెళ్ళినప్పుడు మాకు కొత్త ఇంజనీరు వచ్చాడు. రిజిస్టరు తిరగేసి, డ్యూటీ గంటలూ మీటరు గంటలూ పక్కపక్కన రాసి తెమ్మన్నాడు. రాశాను. కొత్త ట్రాక్టర్లకు రెండూ ఇంచుమించు సరిపోయాయి. పాతదానికి రోజుకు తొమ్మిది గంటల డ్యూటీ అయితే మీటరు అయిదు గంటలు కూడా దాటలేదు. ఎందుకని ఇంజనీరు అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. మంచి దస్తూరీతో గీతలు కొట్టి మరీ ఇచ్చాను. డ్రైవరు ఇంజను ఆపి పడుకుంటున్నాడని ఇంజనీరు తేల్చి, అతన్ని ఇంటికి పంపేయమని ఆఫీసుకు రాసేశాడు.

బాబాయి మంగళవారం తిరిగి వచ్చారు. డ్రైవరు విమానం గురువారం. పెట్టె కూడా దించకముందే అతను ఆయన దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నేను పండుకోలే కాకా. ఒక్కనాడు గూడ పండుకోలే. గా మీటరు ఎందుకట్ల సూపిస్తున్నదో నాకేమెరుక."

బాబాయి నా కాగితం అడిగి తీసుకుని చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత నాకు చెప్పిన సంగతి ఇది. కొత్త ట్రాక్టర్ల మీటరు కరెంటుది. ఇంజను ఆడుతున్నంతసేపూ గడియారంలా నడుస్తుంది. పాతదాని మీటరును ఇంజనే ఒక కేబులుతో తిప్పుతుంది. ఇంజను పూర్తి జోరు మీద గంట తిరిగితే మీటరు గంట చూపిస్తుంది. సగం జోరు మీద గంట తిరిగితే అరగంటే చూపిస్తుంది. మొక్కలకు నీళ్ళు పోసేటప్పుడు పొద్దస్తమానం ఇంజనును చిన్నగా పెట్టి పంపు ఆడిస్తారు. అందుకే ఆ అయిదు గంటలు.

"మీటరు అబద్ధమాడదురా. అది దేన్ని లెక్కపెడుతుందో మనం కనుక్కోవాలి," అన్నారు.

బుధవారం పొద్దున పాతదాన్నీ కొత్తదాన్నీ క్యాంపు వాకిట్లో పక్కపక్కన నిలబెట్టి, రెండింటినీ ఒకే చిన్న జోరు మీద ఆడించారు. తన చేతి గడియారం విప్పి ఇంజనీరు చేతికిచ్చారు. గంటసేపు ఎండలో అందరం నిలబడ్డాం. కొత్తదాని మీటరు గంట కదిలింది. పాతదానిది అరగంట దాటి ఏ కాస్తో కదిలింది. ఇంజనీరు రెండు మీటర్ల అద్దాలూ వంగి చూశాడు. చెడ్డవాడేమీ కాదు, అతని మొహం పాలిపోయింది. మీరు చెప్పిందే నిజమన్నాడు. కానీ కాగితం పైకి వెళ్ళిపోయిందనీ, వీసా రద్దయిందనీ, ఇక తన చేతిలో ఏమీ లేదనీ అన్నాడు. బాబాయి ఆఫీసుకు వెళ్ళారు. అక్కడ ఒక్కటే మాట, ఖలాస్, అయిపోయిందని. సాయంత్రందాకా మెట్ల మీద కూర్చుని తిరిగి వచ్చారు.

ఆయన నన్ను తిడతారని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వు రాసిన అంకె తప్పు కాదు. అడక్కుండా రాశావు చూడు, అదే తప్పు," అన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. మర్నాటి నుంచి రోజూ ఒక మీటరు దగ్గరికి తీసుకెళ్ళి, అది ఎలా నడుస్తుందో విప్పి చూపించేవారు. ఇవాళ నాకు మీటరు చదవడం వచ్చిందంటే ఆయన పెట్టిన భిక్షే.

ఆ డ్రైవరుకు మళ్ళీ వీసా ఇప్పించమని నెలనెలా ఇంజనీరును అడిగేవారు. చూద్దామనేవాడతను. తను ఉద్యోగం మానేసి ఇంటికెళ్ళిపోయేదాకా బాబాయి అడుగుతూనే ఉన్నారు. ఊరి నుంచి రాసిన ఉత్తరాల్లో కూడా, ఆ అబ్బాయి సంగతేమైనా కదిలిందా అని ఒక వాక్యముండేది. లేదని రాయలేక వేరే కబుర్లు రాసేవాడిని.

ఆయన్ని తలుచుకుంటే ఆ గురువారమే ముందు గుర్తుకొస్తుంది. డ్రైవరును తీసుకెళ్ళడానికి పికప్పు వచ్చింది. అతను బాబాయి చెయ్యి పట్టుకుని, "నేను పండుకోలేదని నలుగురి ముంగట సూపిచ్చినవ్ గద కాకా, నాకు గంతే సాలు," అని ఎక్కాడు. ఆ వేళ పాత ట్రాక్టరుకు మనిషి లేడు. బాబాయే ఎక్కి స్టార్టు చేశారు. పైపు పట్టుకోవడానికి నేను వెళ్ళాను. మెసయీద్ రోడ్డులో ఒక్కో మొక్క దగ్గర ఆపడం, పాదు నిండగానే కదలడం. ఒక వేపమొక్క దగ్గర మాత్రం పాదు నిండినా ట్రాక్టరు కదలలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, పికప్పు పోయిన వైపే చూస్తూ కూర్చున్నారు. నేను పైపు అలాగే పట్టుకుని నిలబడ్డాను. నీళ్ళు పాదు దాటి, ఇసుక దాటి, తారురోడ్డు మీదికి పారుతూ, పారుతూనే ఆరిపోతున్నాయి.