చేతులు యాడ కడుక్కుంటారు?

ఎనభైల మొదట్లో భీమిలి తీరంలో ఒక హోటలుకు భోజనాల గది రూపొందించే పని నాకు దొరికింది. మెక్సికోలో సముద్రం ఒడ్డున ఉండే పాత జమీందారీ ఇంటిలా ఉండాలని యజమాని పట్టుబట్టారు. రాతి బల్ల చెక్కించడానికి నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కి, ప్లాను ఒళ్లో పరుచుకున్నాను.

పక్క సీట్లోని రైతు దాని మీదికి వంగాడు.

"ఏంది చూస్తాండావమ్మా?"

"భోజనాల గది."

"చేతులు యాడ కడుక్కుంటారు?"

బయట, వరండా చివర అన్నాను. "ఎంగిలి చేత్తో అంత దూరం పోతారా?" అని ఆయన వెనక్కి తిరిగి బస్సులో అందర్నీ అడిగాడు. ఇక సున్నపు గోడలు, మొరటు దూలాలు, నా నెల రోజుల కష్టం ఎవరికీ పట్టలేదు. శిరివెళ్ల దాటేదాకా కుళాయి గురించే చర్చ.

"అక్కడికొచ్చేవాళ్లు చెంచాలతో తింటారు" అని విసుక్కున్నాను.

"తిననీలేమ్మా. మూతి కడుక్కోరా?"

ఆయన ప్లానులో ఒక మూల గోటితో గట్టిగా గీసి, "ఈడ పెట్టు" అన్నాడు. కాగితం చిరిగింది. మడిచి సంచిలో కుక్కేశాను. కుళాయి మాత్రం పెట్టలేదు.

హోటలు తెరిచిన రోజు యజమాని ఆ రాతి బల్ల దగ్గర పప్పన్నం కలుపుకుని తృప్తిగా తిన్నారు. ఎంగిలి చెయ్యి పైకి పట్టుకుని లేచి, గది కలియజూసి, నేరుగా రైతు గోటితో గీసిన ఆ మూలకే నడిచారు. అక్కడ నేను ముచ్చటపడి నీలం టైల్స్ అతికించిన గోడ మాత్రమే ఉంది.