జ్వరం వంతు రాని రోజు

మా నాన్న వ్యాపారి. కాని తన వ్యాపారానికి సంబంధించిన ఉత్తరాన్ని ఒక్కదాన్నీ ఆయన తన కళ్లతో చదువుకోలేదు. కొల్లేటికోట చుట్టుపట్ల లంకల్లో ఎండబెట్టిన చేపలనూ రొయ్యలనూ గంపలకెత్తించి, దోనెల మీద సరస్సు దాటించి, బండ్లమీద ఏలూరు చేర్చేవారు. అక్కడినుంచి సరుకు ఒక కమీషన్ వ్యాపారి చేతిమీదుగా మద్రాసు వెళ్లేది. మద్రాసునుంచి వచ్చే ఇంగ్లీషు ఉత్తరాన్ని కమీషన్ వ్యాపారి గుమాస్తా చదివి అర్థం చెప్పేవాడు. సరుకు తడిసి చేరిందనో, ధర పడిపోయిందనో అతను చెప్పినదానికి తల ఊపి మా నాన్న ఇంటికి వచ్చేవారు. గుమాస్తా అబద్ధమాడాడని ఆయన ఎన్నడూ అనలేదు. నిజం చెప్పాడో లేదో తెలుసుకునే దారి మనకు లేదనేవారు, అంతే.

నన్ను వ్యాపార విద్యలో పెట్టడానికి అదే కారణం. 1935 జూన్‌లో, హైస్కూలు చదువు ముగించిన నన్ను ఏలూరులో ఒక కమర్షియల్ కాలేజీలో చేర్చారు. కాలేజీ అంటే కాలవ ఒడ్డున ఒక మేడమీద రెండు గదులు. నాలుగు టైపు మిషన్లు, ఒక నల్లబల్ల, ఇరవైమందికి లోపు విద్యార్థులు. జమాఖర్చులు, వ్యాపార లేఖలు, టైపు, షార్ట్‌హాండు నేర్పేవారు.

నా భవిష్యత్తుకు పెద్దలు అప్పటికే గీత గీసి పెట్టారు. మా అక్క భర్త తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. ఆ మిల్లు యజమాని మద్రాసు కంపెనీలతో ఉత్తరప్రత్యుత్తరాలు జరపడానికి మనిషికోసం చూస్తున్నారు. నిమిషానికి ఎనభై మాటల వేగంతో షార్ట్‌హాండు పరీక్ష నెగ్గితే ఆ పని నాది. కొన్నేళ్లు అక్కడ వ్యాపారపు మెళకువలు తెలుసుకుని, తరువాత ఏలూరులో సొంత ఏజెన్సీ తెరవాలి. మా నాన్న సరుకు మా ఏజెన్సీనుంచే మద్రాసుకు వెళ్లాలి. దీనంతటికీ ఆధారం ఆ ఒక్క పరీక్ష.

నేను గదిలో అడుగు పెట్టిన రోజున వెనక బల్లమీది కుర్రవాడొకడు, "ఒరేయ్, ఎండురొయ్యల కంపెనీ దిగింది, కిటికీలు తీయండ్రా!" అన్నాడు. అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. మిషన్ పాఠశాలలో చదివి పైకి వచ్చిన క్రైస్తవులాయన. ఆదివారం చర్చిలో వాక్యం చదివే గొంతుతోనే మాకు వ్యాపార లేఖలు డిక్టేట్ చేసేవారు.

"కిటికీలు తీయండి బాబూ, మంచిదే," అన్నారాయన. "ఆ కంపెనీవారు రేపు మీకు ఉద్యోగాలిచ్చేటప్పుడు ఈ వాసన గుర్తుచేసుకుందురుగాని."

డిసెంబరు నాటికి నా వేగం డెబ్బై దాటింది. మాస్టారి మాట ముగిసేసరికి నా పెన్సిలు కూడా ఆగేది. ఆ సంవత్సరం మొత్తంలో నాకు అంతటి సంతోషం మరొకటి లేదు. మా బావగారు ఏలూరు వచ్చినప్పుడల్లా మేడ కిందనుంచే కేకవేసేవారు.

"ఏమోయ్ బావమరిదీ! ఎంతవరకొచ్చింది?"

"డెబ్బై రెండండి బావగారూ!"

"ఇంకో ఎనిమిదేగా! మా యజమాని మాట్లాడేది అరవయ్యే. అందులో ఇరవై తిట్లు. అవి రాయక్కర్లేదులే!"

ఇక మా ఊరి జ్వరం సంగతి చెప్పాలి. లంక గ్రామాల్లో చలిజ్వరం లేని ఇల్లు ఉండేది కాదు. అది రోజు విడిచి రోజు, అనుకున్న వేళకు వచ్చేది. అందుచేత మావాళ్లు దాన్ని ఒక వంతుగా లెక్కపెట్టి, ఆ లెక్కమీదనే పనులు కుదుర్చుకునేవారు. ఇవాళ వంతు ఉన్నవాడు రేపు వంతు ఉన్నవాడితో జత కలిసేవాడు. ఒకడు వణుకుతూ దుప్పటి కప్పుకుంటే రెండోవాడు వలకు వెళ్లేవాడు. పెళ్లిచూపులకు కూడా పిల్లవాడి వంతు కానిరోజు చూసుకుని రమ్మని కబురుచేసేవారు. మాకు ఇందులో వింత కనిపించేది కాదు. పంచాంగం చూసుకున్నట్టే వంతూ చూసుకునేవాళ్లం.

నాకు చిన్నప్పటినుంచీ వస్తూపోతూ ఉన్న ఆ జ్వరం 1936 ఫిబ్రవరిలో ఏలూరు గదిలో మళ్లీ పట్టుకుంది. మధ్యాహ్నం రెండు గంటలకు చలి మొదలయ్యేది. చీకటిపడేసరికి చెమట పట్టి విడిచేది. పరీక్ష తేదీ తెలియగానే నేను మొట్టమొదట చేసిన పని వంతులు లెక్కపెట్టడం. మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ పరీక్షరోజు నా వంతే అయింది. డిక్టేషను మధ్యాహ్నం రెండున్నరకు.

పట్నంలో పుట్టినవాడైతే డాక్టరు దగ్గరికి వెళ్లేవాడు. నేను లంకవాణ్ణి. నాకు తెలిసినది వంతు తప్పించడం ఒక్కటే. పోస్టాఫీసులో క్వినైను పొట్లాలు అమ్మేవారు. రోజుకు ఒకటి మింగితే జ్వరం తగ్గుతుందంటే, రెండూ మూడూ మింగితే ఆ ఒక్క రోజుకైనా ఖాయంగా రాదని నేను నా అంతట నేనే లెక్కకట్టాను. పరీక్షకు ముందు వారంరోజులు అలాగే మింగాను. నోరంతా చేదు. తల తిరిగేది. చెవుల్లో సన్నని హోరు మొదలైంది. రాత్రుళ్లు చదివిన అలసట అనుకున్నాను.

పరీక్షరోజు జ్వరం రాలేదు. గడియారం రెండు కొట్టడం నేను వినలేదు, చూశాను. అయినా వణుకు లేదు, ఒళ్లు చల్లగా ఉంది. నేను గెలిచాననే అనుకున్నాను. ఇంతలో పరీక్షాధికారి కాగితం తీసి చదవడం మొదలుపెట్టారు. ఆయన పెదవులు కదులుతున్నాయి. నాకు చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. చుట్టూ ఉన్నవాళ్ల పెన్సిళ్లన్నీ ఒక్కసారిగా కదిలాయి.

ఖాళీ కాగితం ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. వ్యాపార లేఖలన్నీ దాదాపు ఒక మూసలో ఉంటాయి. మీ లేఖ అందినది, మీరు కోరిన సరుకు రైలులో పంపడమైనది, రసీదు ఇందుతో జతపరచడమైనది. ఆయన పెదవులు ఆగినప్పుడు ఆగుతూ, కదిలినప్పుడు రాస్తూ, నాకు వచ్చిన లేఖ నేను రాశాను. దాన్ని తప్పు లేకుండా టైపు చేసి ఇచ్చాను. తరువాత తెలిసింది, చదివినది సరుకు పంపిన లేఖ కాదు. బాకీ తీర్చలేక గడువు కోరుతూ ఒక చిన్న వర్తకుడు రాసుకున్న లేఖ.

నేను పరీక్ష తప్పానని చెప్పడానికి మాస్టారు నా గదికే వచ్చారు. ఏం చెబుతున్నారో నాకు వినిపించకపోవడం చూసి బలపం తీసి పలకమీద రాశారు. "క్వినైను ఎంత తిన్నావు?" నేను వేళ్లు చూపించాను. ఆయన పలక బల్లమీద బోర్లించారు. మర్నాడు ఆయనే నన్ను ఆసుపత్రికి తీసుకువెళ్లారు. క్వినైను ఆపితే చాలామందికి చెవులు తిరిగి వస్తాయని డాక్టరుగారు చెప్పారట. నాకు ఎడమచెవి కొంత వచ్చింది, దగ్గరగా గట్టిగా అరిస్తే వినపడేటంత. కుడిచెవి రాలేదు.

మేలో తాడేపల్లిగూడెం వెళ్లాను. మా బావగారు వీధి గుమ్మంలో నిలబడి ఎప్పటిలాగే వేళాకోళంగా ఏదో అన్నారు. నేను నవ్వకపోయేసరికి ఆయన నవ్వు మధ్యలో ఆగిపోయింది. అక్క లోపలినుంచి పరుగున వచ్చి నా ఎడమచెవి దగ్గర నోరుపెట్టి, "అన్నం తిన్నావా తమ్ముడూ?" అని అరిచింది. మా అక్క గొంతెత్తి మాట్లాడే మనిషి కాదు. ఎదురింటివాళ్లు తలుపు తీసి చూశారు.

మా నాన్న మాత్రం ఆశ విడవలేదు. "రాసేది చెవులా? చదివేది చెవులా?" అని నన్ను ఏలూరు బజారుకు వెంటబెట్టుకుని వెళ్లారు. కమీషన్ వ్యాపారి ఇచ్చిన మద్రాసు ఉత్తరం నేను చదివి తెలుగులో చెప్పాను. జీవితంలో మొదటిసారి తన ఉత్తరం తన మనిషి నోట విని, మా నాన్న పైగుడ్డతో ముఖం తుడుచుకున్నారు. తరువాత జవాబు రాయడానికి, ఎంత ధరకు ఒప్పుకోవచ్చో, ఎంతకు దిగకూడదో ఆయన నాకు చెప్పాలి. చెవి దగ్గర చెబితే అందలేదు. మరికొంచెం గట్టిగా చెప్పారు, అందలేదు. చివరికి అరిచారు. పక్కన గంపలమీద కూర్చున్న బేరగాళ్లు నలుగురూ తలలెత్తారు.

"బాగుందండీ బాబూ! మీ ఆఖరి ధర టముకు వేయించినట్టు చెప్పేశారు, మాకు బేరం పనే తప్పింది!" అని వాళ్లలో ఒకడు ఎగతాళి చేశాడని నాన్న నాకు తరువాత చెప్పారు.

వ్యాపారంలో ధర అనేది చెవిలో చెప్పుకునే మాట. కాలేజీలో అది ఎవరూ చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేకపోయింది.

ఆ పూట ఇంటికి వెళ్లేటప్పుడు దోనెలో మేమిద్దరమే. సరస్సు మధ్యకు రాగానే నాన్న గెడ ఆపి, నా ఎడమపక్కకు వచ్చి కూర్చున్నారు. అక్కడ ఎంత అరిచినా వినేవాళ్లు లేరు. ధరల సంగతి, మద్రాసు షాహుకారు తీరు, ఏ నెలలో సరుకు దాచుకోవాలి, ఏ నెలలో వదిలించుకోవాలి, ముప్పైయేళ్లలో తనకు తెలిసినదంతా గొంతు బొంగురుపోయేదాకా అరిచి చెప్పారు. నేను తలాడిస్తూ విన్నాను. తరువాత ఆయన అంతకుముందుకన్నా గట్టిగా అడిగారు.

"ఒరే నాయనా, నాకు తెలీక అడుగుతున్నాను. ఆ చెవి బాగవుద్దంటావా?"

ప్రతి మాటా నాకు వినపడింది.

"వినపళ్లేదు నాన్నా," అన్నాను.

ఆయన ఇంకొకసారి అడగలేదు. లేచి గెడ అందుకున్నారు. ఆషాఢమాసంలో నేను తాడేపల్లిగూడెం మిల్లులో బస్తాల లెక్క రాసే పనికి చేరాను. మద్రాసు ఉత్తరాలను కమీషన్ వ్యాపారి గుమాస్తాయే చదివి చెబుతూ వచ్చాడు.