అమ్మ వెళ్ళే పూట వెలిగిన కంప్యూటర్

దయ్యాలు, దిష్టి, చేతబడి లాంటివి నాకు మొదటినుంచీ సరిపడవు. చిన్నప్పుడు ఐరాల దగ్గర మా పల్లెలో, పూనకం వచ్చిందని ఊగే మనిషి ముందు కూర్చుని నవ్వినందుకు దెబ్బలు తిన్నవాణ్ణి. ఇప్పుడు నలభై రెండేళ్ళు. తిరుపతిలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్ళి ఆల్బములు డిజైన్ చేస్తాను. పెళ్ళికూతురి వెనక లేని చంద్రుణ్ణి పెట్టేదీ నేనే, అలిగి పెళ్ళికి రాని మేనమామను పాత ఫొటోలోంచి తెచ్చి పక్కన నిలబెట్టేదీ నేనే. అందుకే ఎవరైనా కళ్ళతో చూశామంటే నాకు ముందు అనుమానం వస్తుంది.

అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. ఇందులో తెల్లచీర లేదు, గజ్జెల చప్పుడు లేదు. పట్టపగలు పది గంటలకు, మా అద్దె ఇంటి ముందుగదిలో జరిగింది.

స్టూడియో పని ఇంట్లోనే చేసుకోవాలని సొంత కంప్యూటర్ కావాలనుకున్నాను. తయారుగా ఉన్నది కొనకుండా, విడిభాగాలు తెచ్చి నేనే బిగిస్తానని పంతం పట్టాను. నెల రోజులు వీడియోలు చూశాను. స్టూడియోలో అందరి ముందూ గొప్పలు కూడా పోయాను. ఒక ఆదివారం నేల మీద దుప్పటి పరిచి మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ అన్నీ ఒక్కొక్కటే బిగించాను. మధ్యాహ్నానికి పని అయిపోయింది. ఫ్యాన్లు తిరగడం చూడాలని పక్క మూత మాత్రం వేయలేదు.

మా ఇంట్లో కొత్త వస్తువు ఏది వచ్చినా బొట్టు పెట్టకుండా వాడరు. మిక్సీకీ పెట్టారు, గ్యాసు పొయ్యికీ పెట్టారు. నా భార్య హేమ పళ్ళెంలో పసుపు, కుంకుమ, కర్పూరం తెచ్చి మా అమ్మ చేతికివ్వబోయింది. అమ్మ వెనక్కి జరిగింది. మా నాయన పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పటినుంచి ఆమె ఎవరింట్లో ఏ శుభకార్యం జరిగినా వెనక వరసలో కూర్చుంటుంది, కుంకుమ పళ్ళెం ముట్టుకోదు. ఎవరూ చెప్పకుండానే తనంతట తనే అలా పాటించుకుంటూ వస్తోంది.

"నా చెయ్యి వద్దులే పాపా, నువ్వే పెట్టు," అంది.

"మనింట్లో మనకేముండాదత్తా? కొడుకుదే గదా, నువ్వే పెట్టు," అని హేమ పట్టుబట్టింది.

నేను కూడా పెట్టమన్నాను. అమ్మ చేతులు కడుక్కుని వచ్చి కొంగు దోపుకుని, పెద్ద పని చేస్తున్నట్టు కంప్యూటర్ డబ్బాకు పసుపు రాసి మూడు బొట్లు పెట్టింది. ఆమె ముఖంలో అంత సంతోషం చూసి చాలా కాలమైంది. మూడో బొట్టు పెట్టేటప్పుడు వేళ్ళ సందులోంచి చిటికెడు కుంకుమ లోపల మదర్‌బోర్డు మీద రాలింది. నేను ఊదేశాను.

స్విచ్ నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి. మానిటర్ మాత్రం సిగ్నల్ లేదని చూపించి నల్లబడిపోయింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అంతే. మానిటర్ కేబుల్ మార్చాను. ర్యామ్ తీసి దాని అంచు గీతలను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాను. రెండు ర్యాములుంటే ఒక్కోటే పెట్టి చూశాను. బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ తీసి కాసేపాగి వేశాను. ర్యామ్ పెట్టే గాడిలో చీపురుపుల్లకు దూది చుట్టి తుడిస్తే దూది ఎర్రగా వచ్చింది. దాంతో నాకు నేరస్థురాలు దొరికిపోయింది.

"నీ చేత పెట్టించుకున్నా సూడు, నాదే తప్పు," అన్నాను అమ్మతో.

కుంకుమ రాలిందని మాత్రమే అని ఉంటే అది వట్టి కోపం. నేను అన్నది అది కాదు. ఏమన్నానో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు, వంటింట్లో ఉన్న హేమకూ తెలుసు. నమ్మకాలు లేనివాణ్ణని పైన అంత ధీమాగా రాశానే, ఆ పూట మాత్రం నమ్మేవాడి నోటితో మాట్లాడాను. నమ్మకుండానే ఆ మాటను వాడుకున్నాను. అది ఇంకా హీనం.

అమ్మ చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. నాలుగు రోజులు ఆ ముందుగదిలోకి రాలేదు. గురువారం పొద్దున పాకాలలో ఉన్న మా చిన్నమ్మ ఇంటికి వెళ్ళి కొన్నాళ్ళుండి వస్తానని సంచి సర్దుకుంది. హేమ వద్దని బతిమాలింది. నేను బతిమాలలేదు. ఆటోకు ఫోన్ చేసింది కూడా నేనే.

ఆటో వచ్చింది. అమ్మ సంచి పట్టుకుని గడప దాటి, బయట నిలబడి వెనక్కి తిరిగింది.

"ఒక్కసారి నొక్కి సూడప్పా. నేను పోతా ఉండాను గదా," అంది.

విసుక్కుంటూనే నొక్కాను. ఆ నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు నొక్కానో లెక్కలేదు. ఈసారి ఒక బీప్ వినిపించింది. మానిటర్ వెలిగింది. బోర్డు కంపెనీ బొమ్మ వచ్చింది, తర్వాత సెట్టింగుల పేజీ వచ్చింది. ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంత, లోపల వేడి ఎంత అన్నీ తెర మీద కనిపించాయి. హేమ కూడా నా పక్కనే నిలబడి చూసింది. స్టూడియోలో వాళ్ళకు పంపాలని ఫోన్ తీసి ఒక ఫొటో కొట్టాను.

ఆ తర్వాత అమ్మ వైపు తిరిగి, "సూసినావా?" అన్నాను.

ఆ ఒక్క మాటే. అమ్మ తల ఊపింది. నవ్వింది కూడా. "బాగుండాదిలే అప్పా, నీ పని జరిగితే సాలు," అని ఆటో ఎక్కింది. ఆటో వీధి మలుపు తిరిగి చప్పుడు వినపడకుండా పోయిన కాసేపటికి మానిటర్ ఆరిపోయింది. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. మళ్ళీ ఎంత నొక్కినా రాలేదు.

శనివారం దాన్ని స్కూటర్ మీద పెట్టుకుని, మా స్టూడియో కంప్యూటర్లు బాగుచేసే రిపేరు షాపుకు తీసుకుపోయాను. అక్కడున్న మనిషి మూత కూడా విప్పే పని లేకుండా లోపలికి ఒక్క చూపు చూసి తల పట్టుకున్నాడు.

"ప్రాసెసర్‌కు కరెంటే ఇయ్యలేదు గదన్నా!" అన్నాడు.

మదర్‌బోర్డుకు పెద్ద వైరు ఒకటి, పై మూలలో ప్రాసెసర్ కోసం ఎనిమిది పిన్నుల వైరు ఇంకొకటి ఇవ్వాలి. నేను పెద్దది ఇచ్చి రెండోది మరిచిపోయాను. నా పవర్ సప్లైకి వైర్లు విడిగా వస్తాయి. ఇంటికెళ్ళి దాని అట్టపెట్టెలో వెతికితే ఆ వైరు వైర్ల సంచిలోనే ఉంది, కంపెనీ వేసిన కట్టు కూడా ఊడదీయలేదు. తెచ్చి తగిలించగానే కంప్యూటర్ వచ్చేసింది. అప్పటినుంచి ఒక్కరోజు కూడా మొరాయించలేదు. ఇది టైపు చేస్తున్నది కూడా దాని మీదే.

అయితే గురువారం ఎలా వచ్చింది?

షాపాయన్ను అడిగాను. ఆ వైరు లేకుండా ఫ్యాన్లు తిరుగుతాయి గానీ స్క్రీన్ మీద ఒక్క అక్షరం కూడా రాదన్నాడు. ఫోన్‌లో ఆ గురువారం కొట్టిన ఫొటో చూపించాను. పెద్దది చేస్తే అంతా స్పష్టంగా ఉంది. స్క్రీన్ మీద ప్రాసెసర్ పేరు ఉంది. పక్కన మూత లేని డబ్బా, అందులో బోర్డు పై మూలలో ఖాళీగా ఉన్న ఎనిమిది పిన్నుల గాడి. ఒక అంచున గడప బయట అమ్మ, చేతిలో సంచి. ఆయన చాలాసేపు చూసి ఫోన్ తిరిగిచ్చేశాడు.

"నువ్వు చేసేది ఆల్బం పనే గదన్నా?" అన్నాడు.

స్టూడియోలోనూ అదే అన్నారు. ఎడిటింగ్ బాగుంది, పైన చంద్రుణ్ణి కూడా పెట్టాల్సింది అని ఆటపట్టించారు. ఇరవై ఏళ్ళుగా లేనివి ఉన్నట్టు చూపించి బతుకుతున్నాను, ఉన్నది చూపిస్తే ఎవరు నమ్ముతారు? తెలిసినవాళ్ళు తలా ఒక కారణం చెప్పారు. ఎక్కడో మిగిలిన కరెంటు అన్నారు, బోర్డులో లోపం అన్నారు. ఆ తర్వాత ఒకరోజు నేనే ఆ వైరు పీకేసి రోజంతా నొక్కి చూశాను. రాలేదు.

మరుసటి ఆదివారం పాకాల వెళ్ళాను. అమ్మ వెనక వసారాలో చెనక్కాయలు వలుస్తోంది. ముందు చిన్నమ్మే నన్ను నిలదీసింది. "మా మనవడికి సైకిలు కొంటిమి. అక్కా, రెండు బొట్లు పెట్టు అంటే, నా చెయ్యి తగిలితే మావోని మిషనే ఆగిపోయింది, నేను రాను అనింది. ఏమన్నావురా మా అక్కను?" అంది.

అమ్మ పక్కన కూర్చుని అంతా చెప్పాను. తప్పు నాదేనన్నాను. వైరు పెట్టెలోనే ఉండిపోయిందని, కట్టు కూడా విప్పలేదని, కుంకుమకూ దానికీ ఏ సంబంధమూ లేదని చెప్పాను. నా నోటికి బుద్ధి లేదని, ఇంటికి రమ్మని కాళ్ళు పట్టుకున్నాను. అమ్మ ఓపికగా విన్నది.

"ఆ వైరు లేకుంటే రాదా అప్పా?" అంది.

"రాదుమా. ఎవురు బొట్టు పెట్టినా రాదు."

"మరి నేను గడప దాటినాక యట్లా వచ్చింది?"

వైరు వదులుగా ఉండి అప్పుడప్పుడు తగిలేదని ఒక్క అబద్ధం ముందే చెప్పి ఉంటే సరిపోయేది. కానీ నిజం చెబితే చాలనుకుని, కట్టు విప్పని వైరు సంగతి అప్పటికే చెప్పేశాను. అమ్మ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"నువ్వే గదప్పా, సూసినావా అని సూపించినావు. నా కండ్లతో సూసినా గదా," అని మళ్ళీ చెనక్కాయలు వలుచుకుంది. "అది యట్లా వచ్చిందో నువ్వు సెప్పు. ఇప్పుడే సంచి సర్దుకుంటాను."

ఎనిమిది నెలలైంది. ప్రతి నెలా పాకాల పోతున్నాను. అమ్మ అన్నం పెడుతుంది, హేమను అడుగుతుంది, నా పని ఎలా సాగుతోందని అడుగుతుంది. ఆ గురువారం ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ సంచి చిన్నమ్మ ఇంట్లోనే ఉంది.